పరాయి గడ్డ మీద ప్రతిపక్ష నాయకుడు

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



ప్రతి ఏటా ఈ సభలో చదువుల గురించో, స్కాలర్‌షిప్పు దరఖాస్తుల గురించో నాలుగు మాటలు చెప్పి కూర్చోవడం మాకు అలవాటు. ఈసారి కార్యదర్శి గారు "మాస్టారూ, వేరే విషయం ఏదైనా ఎత్తుకోండి" అన్నారు. ఆ వేరే విషయాన్ని మా బడి పిల్లలే మాకు అందించారు. 2025 జూన్‌లో బడి తెరిచిన వారంలోనే పదో తరగతి కుర్రవాడొకడు లేచి ఒక ప్రశ్న వేశాడు. ఏప్రిల్ నెలలో ఒవైసీ సాహెబ్ గారు వక్ఫ్ బిల్లు ప్రతిని లోక్‌సభలో చించారు, ఆ చట్టం మీద సుప్రీంకోర్టుకు వెళ్ళారు. మే నెలలో అదే ప్రభుత్వం పంపితే సౌదీ, కువైట్, బహ్రెయిన్, అల్జీరియా దేశాలకు వెళ్ళి మన దేశం తరఫున మాట్లాడారు. "ఆయన ప్రభుత్వంతో కలిసిపోయారా సర్, లేక మొదటిది నాటకమా?" అన్నాడు.

రెండూ కాదు నాయనా అని చెప్పాం. చెప్పడమైతే చెప్పాం గాని, నలభై నిమిషాల పీరియడులో తెమిలే మాట కాదది. పిల్లలతో పాటు పెద్దలు కూడా వినదగినదని తోచి ఇక్కడికి తెచ్చాం.

ముందుగా మా ఉర్దూ పంతుళ్ళ చాదస్తం ఒకటి భరించాలి మీరు. ప్రతిపక్షాన్ని ఉర్దూలో 'హిజ్బె ఇఖ్తిలాఫ్' అంటారు. ఇఖ్తిలాఫ్ అంటే అభిప్రాయ భేదం. 'ముఖాలిఫత్' అని మరో మాట ఉంది. దానికి అర్థం ఎదురు నిలవడం, వైరం. రెండూ ఒకే ధాతువులోంచి పుట్టినవే. కాని మంచి ఉర్దూ రాసేవారు ఒకదాని చోట రెండోది వాడరు. పిల్లలు పరీక్షలో వాడితే మేము మార్కు కోస్తాం. పార్లమెంటులో ఎదుటి బల్లల మీద కూర్చున్నవారికి మన పూర్వులు ఏరి పెట్టిన పేరు మొదటిది, రెండోది కాదు. ఇప్పుడు చెప్పబోయే కథంతా ఈ రెండు మాటల మధ్య సందులో జరిగింది.

ప్రభుత్వం నడిపే అంతర్జాతీయ వ్యవహారంలోకి ప్రతిపక్ష నాయకుణ్ణి ఏకంగా బృంద నాయకుడుగా పంపిన పని మన తెలుగువాడే చేశాడు. 1994లో పాములపర్తి వెంకట నరసింహారావు గారు. వరంగల్లు జిల్లా నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో 1921లో పుట్టి, ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా చేసి, కేంద్రంలో రెండుసార్లు విదేశాంగ శాఖ చూసి, 1991 జూన్‌లో ప్రధాని అయినవారు. ఉర్దూ బాగా వచ్చిన తెలుగు ప్రధాని. ఆ ఒక్క కారణానికే మాలాంటివారికి ఆయనంటే కొంచెం మొగ్గు ఉండేది. ఎంత మొగ్గు నిలిచిందో తరువాత చెప్తాం.

ఆనాటి పరిస్థితి గుర్తు చేసుకోండి. 1991 మధ్యనాటికి దేశం చేతిలో ఉన్న విదేశీ మారకం రెండు మూడు వారాల దిగుమతులకు చాలేంత. ఐక్యరాజ్యసమితిలో కాశ్మీరు మాట వచ్చినప్పుడల్లా మనకు అడ్డు నిలిచిన సోవియట్ యూనియన్ 1991 డిసెంబరుతో లేకుండా పోయింది. కాశ్మీరు లోయ 1990 నుంచి మండుతోంది. తుపాకులు పట్టినవాళ్ళ చేతిలో కొందరు, వాళ్ళ కోసం వెతికే బలగాల చేతిలో కొందరు, రోజూ జనం పోతున్నారు. ఇట్లాంటి సమయంలో జెనీవాలో మానవ హక్కుల కమిషన్ సమావేశానికి పాకిస్తాన్ ఒక తీర్మానం తెచ్చింది. కాశ్మీరులో భారతదేశం మానవ హక్కులు కాలరాస్తోందని, నిజనిర్ధారణ బృందం అక్కడికి వెళ్ళాలని దాని సారాంశం. వెనుక ఇస్లామీ దేశాల సంస్థ బలం ఉందనుకొన్నారు. కమిషన్‌లో సభ్య దేశాలు 53. ఓటింగు జరిగి తీర్మానం నెగ్గితే కాశ్మీరు వ్యవహారం మళ్ళీ అంతర్జాతీయ పంచాయితీ అవుతుంది. అదీ భయం.

పి.వి. గారు ఆ బృందానికి నాయకుడుగా ఎవరిని పంపారు? విదేశాంగ మంత్రినా? కాదు. లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు అటల్ బిహారీ వాజ్‌పేయి గారిని పంపారు.

ఆ ఇద్దరి మధ్య అప్పటికి ఉన్నది స్నేహమేనని ఇప్పటి వ్యాసకర్తలు తీపిగా రాస్తుంటారు. వ్యక్తిగతంగా ఉండవచ్చు. కాని లెక్క చూడండి. 1993 జులై 28న పి.వి. ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం ఓటింగుకు వచ్చింది. వాజ్‌పేయి గారి పార్టీ ప్రభుత్వాన్ని దించడానికే ఓటు వేసింది. 265కు 251. పద్నాలుగు ఓట్ల తేడాతో ప్రభుత్వం బతికి బట్టకట్టింది. అది జరిగి ఎనిమిది నెలలు నిండకముందే, దించజూసినవారి నాయకుడి చేతిలో దింపబడవలసినవాడు దేశం పరువు పెట్టాడు. ఇదీ మనం విశేషంగా చూడవలసింది.

మన తెలుగునాట ఇట్లాంటి పెద్దరికం అంతకుముందే ఒకటి జరిగింది. 1991 నవంబరులో పి.వి. గారు నంద్యాల ఉప ఎన్నికలో నిలిచారు. ఆయన పార్టీకి బద్ధవిరోధి అయిన ఎన్.టి. రామారావు గారు, తెలుగువాడు ప్రధాని అయ్యాడు గనుక పోటీ పెట్టేది లేదని తెలుగుదేశం అభ్యర్థిని నిలపలేదు. పి.వి. గారు ఐదు లక్షల పైచిలుకు మెజారిటీతో గెలిచారు. ఆ తరువాత రామారావు గారు కాంగ్రెసును విమర్శించడం ఒక్కరోజైనా మానారా? మానలేదు.

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ సభలో కూర్చున్నవారి మనసులో ఏముందో మాకు తెలుసు.

1992 డిసెంబరు 6 అంటే ఏమిటో మన మధ్య ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. బాబ్రీ మసీదు కూలిన ఆ నాడు ఢిల్లీలో ప్రధానమంత్రి పి.వి. గారే. దాని చుట్టూ ఉద్యమం నడిపిన పార్టీ వాజ్‌పేయి గారిదే. అది జరిగిన పదిహేను నెలలకు ఈ ఇద్దరిలో ఒకరు పంపగా మరొకరు మానవ హక్కుల సభకు వెళ్ళారు. అప్పట్లో మేము చిన్నవాళ్ళం. రేడియో దగ్గర కూర్చున్న మా పెద్దలు ఈ వార్త విని ఏమీ అనకుండా చాయ్ తాగారట. ఆ మౌనంలో ఎంత ఉందో మీరు ఊహించుకోగలరు. ఈ ప్రసంగం ఆ లెక్కను కొట్టివేయడానికి కాదు. అది వేరే పద్దు, అది అట్లాగే ఉంటుంది. ఒక మనిషి పద్దులో ఒక పేజీ మనకు చేదుగా ఉన్నంత మాత్రాన ఇంకో పేజీ చదవకూడదని లేదు గదా. చదువుదాం.

బృందంలో ఎవరెవరున్నారు? వాజ్‌పేయి గారి కింద విదేశాంగ శాఖ సహాయమంత్రి సల్మాన్ ఖుర్షీద్ గారు. 1897లో హైదరాబాదులో పుట్టి రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారికి ఈయన మనుమడు. ('అబ్బూ ఖాన్ కీ బక్రీ' కథ రాసిన జాకిర్ సాహెబే ఆయన. మీ పిల్లలు ఆ మేక కథ చదివే ఉంటారు. చదవకపోతే రేపు బడికి వచ్చి మమ్మల్ని అడగండి.) కాశ్మీరు మాజీ ముఖ్యమంత్రి ఫారూఖ్ అబ్దుల్లా గారు. ఇరాన్‌లో మన రాయబారిగా చేసి, అప్పటికి ఐక్యరాజ్యసమితిలో మన శాశ్వత ప్రతినిధిగా ఉన్న హమీద్ అన్సారీ గారు. ఆయనే తరువాత 2007 నుంచి 2017 దాకా ఉపరాష్ట్రపతి.

"చూపించడానికి మనవాళ్ళను ముందు వరుసలో నిలబెట్టారు, అంతేగా" అని ఒక పెద్దాయన మాతో అన్నారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. ప్రపంచానికి చూపించవలసి వచ్చినప్పుడు మన పేర్లు త్వరగా గుర్తొస్తాయి, ఉద్యోగాలు పంచేటప్పుడు అంత త్వరగా గుర్తురావు. అయితే ఈ ముగ్గురూ అలంకారానికి వెళ్ళినవారు కారు. ఒకరు ఆ శాఖ మంత్రి, ఒకరు ఆ రాష్ట్రం ఏలినవాడు, ఒకరు ఆ పనిలోనే తల పండిన రాయబారి. పదవిని బట్టి వెళ్ళారు. ఇంకా చిత్రమేమంటే మంత్రిగారు ప్రతిపక్ష నాయకుడి కింద పనిచేశారు. ప్రభుత్వంలో ఉన్నవాడు, ప్రభుత్వంలో లేనివాడి మాట విని నడుచుకొన్నాడు. ప్రోటోకాలు తెలిసినవారికి ఇది చిన్న సంగతి కాదు. మన ఊళ్ళో పెళ్ళి పందిట్లో ఎవరు ముందు కుర్చీలో కూర్చోవాలనే దాని మీద ఎంత రభస అవుతుందో తలచుకోండి.

బయలుదేరే ముందే ఇంటి దగ్గర ఒక పని జరిగింది. 1994 ఫిబ్రవరి 22న పార్లమెంటు ఉభయ సభలు జమ్మూ కాశ్మీరు భారతదేశంలో విడదీయరాని భాగమని ఏకగ్రీవంగా తీర్మానించాయి. అంటే వాజ్‌పేయి గారు వెనుక ప్రభుత్వం కాగితాన్నే కాదు, మొత్తం సభ మాటను పట్టుకొని జెనీవాలో నిలబడ్డారు.

ఇక అక్కడ తీర్మానం ఎట్లా ఓడింది? నిజానికి ఓడలేదు, ఓటుకే రాలేదు. ఈ భాగం తెలియకుండానే చాలామంది వాజ్‌పేయి గారి వాగ్ధాటి వల్ల గెలిచామని చెప్తారు. ఆయన గొప్ప వక్త, సందేహం లేదు. 1977లో విదేశాంగ మంత్రిగా ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో మొదటిసారి హిందీలో మాట్లాడినవాడు. కాని ఉపన్యాసాలు విని దేశాలు ఓటు మార్చుకోవు. పి.వి. గారు పునాది ముందే వేసి పెట్టారు. 1993 సెప్టెంబరులో చైనా వెళ్ళి సరిహద్దు శాంతి ఒప్పందం కుదుర్చుకొన్నారు. అదే నెలలో ఇరాన్ వెళ్ళారు. 1979 విప్లవం తరువాత భారత ప్రధాని ఒకరు టెహరాన్ గడప తొక్కడం అదే మొదలు. జెనీవా ఓటింగు దగ్గర పడగానే, అనారోగ్యంతో చికిత్సలో ఉన్న విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్ గారు లేచి విమానమెక్కి టెహరాన్ వెళ్ళి, ప్రధాని లేఖను అధ్యక్షుడు రఫ్సంజానీ గారికి స్వయంగా అందజేశారు.

ఇస్లామీ దేశాల సంస్థలో పద్ధతి ఏమిటంటే, అందరూ ఒప్పుకొంటేనే ఉమ్మడి మాట. ఒక్క పెద్ద దేశం తల అడ్డంగా తిప్పితే ఆ ఉమ్మడితనం పోతుంది. ఇరాన్ తల అడ్డంగా తిప్పింది. చైనా కూడా వద్దని సలహా ఇచ్చింది. 1994 మార్చి 9న, ఓటింగు జరగవలసిన రోజున, పాకిస్తాన్ తన తీర్మానాన్ని వెనక్కు తీసుకొంది.

అట్లాగైతే వాజ్‌పేయి గారు అక్కడ చేసినదేమిటి అని అడగవచ్చు. బాగా అడగవలసిన ప్రశ్నే. లేఖ టెహరాన్ వెళ్ళింది, మాట బీజింగ్‌లో జరిగింది. మరి జెనీవాలో ఆ మనిషి అవసరమేమిటి?

మా ఆలోచన ఇది. పరాయి దేశం వాడు ప్రభుత్వ ప్రతినిధి చెప్పినది వింటూ లోపల ఒక లెక్క వేసుకొంటాడు: "ఇతను జీతం తీసుకొని చెప్తున్నాడు. రేపు ప్రభుత్వం మారితే ఈ మాట ఉంటుందా?" పి.వి. గారి ప్రభుత్వం పద్నాలుగు ఓట్ల మీద బతికినదని ప్రపంచానికంతా తెలుసు. రేపు ఆ కుర్చీలో కూర్చోగలవాడే వచ్చి అదే మాట చెప్పినప్పుడు ఆ లెక్క తప్పిపోతుంది. ఈ మాటకు గడువు లేదని తెలుస్తుంది. నిజంగానే రెండేళ్ళకు, 1996 మేలో, ఆయన ఆ కుర్చీలో పదమూడు రోజులు కూర్చున్నాడు. 1998 నుంచి ఆరేళ్ళు కూర్చున్నాడు. కాశ్మీరు మీద పార్లమెంటు చెప్పిన మాట మారలేదు.

1996లో ఆ పదమూడు రోజుల ప్రభుత్వం చివర లోక్‌సభలో మాట్లాడుతూ వాజ్‌పేయి గారే జెనీవా సంగతి తలచుకొన్నారు. తనను అక్కడ చూసి పాకిస్తాన్ వాళ్ళు ఆశ్చర్యపోయారని, వాళ్ళ దగ్గర ప్రతిపక్ష నాయకుడు ఇట్లాంటి పనికి రాడని, ఎప్పుడూ ప్రభుత్వాన్ని పడగొట్టే పనిలోనే ఉంటాడని, అది మన సంప్రదాయం కాదని అన్నారు. చప్పట్లు కొట్టదగిన మాటే. అయితే ఆయన కూడా ప్రభుత్వాన్ని పడగొట్టే ప్రయత్నంలో పాలు పంచుకొన్నవాడేనని ఇందాకే చెప్పాం. అక్కడే మా పిల్లవాడి ప్రశ్నకు జవాబు ఉంది. పడగొట్టే హక్కు ఉన్నవాడు పడగొట్టకుండా నిలబెట్టిన మాటకే విలువ. ఆ హక్కు లేనివాడు వచ్చి పొగిడితే ఎవరు వింటారు?

మన డెల్టావాళ్ళకు దీన్ని అరటిపండు ఒలిచినట్లు చెప్పనక్కరలేదు. కాలువ వంతు దగ్గర పై ఊరివాళ్ళు, కింది ఊరివాళ్ళు తలలు పగలగొట్టుకొంటారు. 1986 ఆగస్టులో గోదావరి ఏటిగట్టు మీదకు ఎక్కినప్పుడు వాళ్ళే ఇసుక బస్తాలు చేతులు మార్చుకొన్నారు. నీరు తీశాక కాలువ వంతు తగాదా మళ్ళీ మొదలు. బస్తా అందించాడు గదా అని ఎవడూ తన వంతు నీళ్ళు వదులుకోలేదు, వదులుకొమ్మని అడిగినవాడూ లేడు.

వాజ్‌పేయి గారూ వదులుకోలేదు. దీనికి రుజువు అదే జెనీవా నగరంలో, అవే నెలల్లో ఉంది. 1993 డిసెంబరు 15న గాట్ చర్చలు అక్కడే ముగిశాయి. మనవాళ్ళు డంకెల్ ప్రతిపాదనలు అనేవారే, అవి. 1994 ఏప్రిల్ 15న మొరాకో దేశంలోని మర్రకేష్‌లో సంతకాలయ్యాయి. మన తరఫున వాణిజ్యమంత్రి ప్రణబ్ ముఖర్జీ గారు వెళ్ళారు. మార్చి 9కీ ఏప్రిల్ 15కీ మధ్య ఐదు వారాలు. ఆ సంతకం మీద వాజ్‌పేయి గారి పార్టీ, వామపక్షాలు రెండూ ప్రభుత్వాన్ని ఏకిపెట్టాయి. కాశ్మీరు మీద చేయి కలిపాం గనుక విత్తనాల మీద నోరు మూసుకొంటామని ఎవరూ అనలేదు.

విత్తనాల భయం మన జిల్లాల్లో తెలియనిది కాదు. మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ రకం, ఎం.టి.యు. 7029, ఊరూరా పాకింది ఎట్లా? పక్క రైతు దగ్గర రెండు బస్తాలు విత్తనానికి తెచ్చుకొని, పంట పండాక పురిలో మళ్ళీ విత్తనానికి దాచుకొని, ఇంకో చుట్టానికి ఇచ్చి. ఆ దాచుకోవడం మీద కంపెనీల హక్కులు వచ్చి కూర్చుంటాయేమోనని రైతులు అడిగారు. కౌలుకు చేసుకొనే మన సాయిబులు కూడా అడిగారు. అది సరైన ప్రశ్న. ఆ ప్రశ్నను పార్లమెంటులోకి మోయడం ప్రతిపక్షం పని.

మోసింది కూడా. మర్రకేష్ ఒప్పందం ప్రకారం పేటెంటు చట్టం మార్చడానికి ప్రభుత్వం 1994 డిసెంబరు 31న ఆర్డినెన్సు తెచ్చింది. 1995 మార్చిలో బిల్లు లోక్‌సభ దాటింది గాని రాజ్యసభలో ప్రతిపక్షాల బలం ముందు ఆగిపోయింది. అమెరికా ఫిర్యాదు చేసింది, 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థ తీర్పు మనకు వ్యతిరేకంగా వచ్చింది. చివరికి 1999లో ఆ చట్టసవరణను కాంగ్రెసు మద్దతుతో నెగ్గించుకొన్న ప్రభుత్వం ఎవరిదంటారు? వాజ్‌పేయి గారిదే! నవ్వుకోండి, నవ్వదగినదే. కుర్చీ మారితే కాగితం వేరుగా కనిపిస్తుంది. కాని అది పూర్తిగా తమాషా అయిపోలేదు. ప్రతిపక్షం వేసిన ప్రశ్న ఎక్కడికీ పోలేదు. 2001లో వచ్చిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలో, రైతు తన పంటలోని విత్తనం దాచుకోవచ్చు, మళ్ళీ చల్లుకోవచ్చు, పక్కవాడితో మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అని రాశారు. కంపెనీ ముద్ర వేసి మాత్రం అమ్మకూడదు. రెండు బస్తాలు అప్పు తెచ్చుకొనే మన పద్ధతికి చట్టంలో చోటు దొరికింది.

ఇంకో సంగతి. బేరమాడేవాడికి ఇంటి దగ్గర వద్దనేవారు ఉండడం బలమే గాని బలహీనత కాదు. తాడితోట బట్టల మార్కెట్టులో చూడండి, "నాకు నచ్చిందండీ, ఇంట్లో ఆవిడ ఒప్పుకోదు" అన్నవాడికి ఇరవై రూపాయలు తగ్గుతుంది. అంతర్జాతీయ బల్ల దగ్గర "మా పార్లమెంటు ఒప్పుకోదు" అన్న మాట అట్లాంటిదే. ఆ మాట అనాలంటే ఒప్పుకోని పార్లమెంటు ఒకటి ఉండాలి.

మన పెద్దవాళ్ళు 'ఇంటి గుట్టు లంకకు చేటు' అన్నారు. ప్రభుత్వంలో ఉన్నవారికి ఈ సామెత మహా ఇష్టం. విదేశాల మాట వచ్చినప్పుడల్లా ప్రతిపక్షం మీద దీన్ని విసురుతారు. కాని కథ సాంతం చదివినవారికి తెలుసు, విభీషణుడు సభలోనే నిలబడి మొదట మంచి మాట చెప్పాడు. వినకుండా తన్ని వెళ్ళగొట్టింది ఎవరు? గుట్టు పోవడానికి ముందు సభ పోయింది.

ఇట్లా ప్రతిపక్షం వారిని బయటికి పంపడం ఎప్పుడూ రాజకీయపు లెక్కే కానక్కరలేదు. 1988లో వాజ్‌పేయి గారికి మూత్రపిండాల జబ్బు చేసింది. అప్పటి ప్రధాని రాజీవ్ గాంధీ గారు ఆయనను ఐక్యరాజ్యసమితికి వెళ్ళే బృందంలో వేశారు, న్యూయార్కులో వైద్యం కూడా చేయించుకొని రమ్మని. రాజీవ్ ఉండగా ఈ సంగతి ఇద్దరిలో ఎవరూ బయట పెట్టలేదు. 1991లో ఆయన హత్యకు గురయ్యాక వాజ్‌పేయి గారే చెప్పారు, ఈనాడు నేను బతికి ఉండడానికి ఆయనే కారణమని. ఈ మాట మా పిల్లలకు చెప్పినప్పుడు తరగతి గదిలో చప్పుడు లేదు.

జెనీవా గెలుపు తరువాత ఇంటి దగ్గర ఏం జరిగిందన్నది మనబోటివారు అడగవలసిన అసలు ప్రశ్న. బయట "మా దగ్గర హక్కులు కాపాడే ఏర్పాట్లు ఉన్నాయి" అని ప్రపంచం ముందు చెప్పి వస్తే, ఆ మాట ఇంటికి అప్పుగా తిరిగొస్తుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 1993 అక్టోబరులో ఏర్పడింది. జెనీవాలో చెప్పుకోవడానికే పెట్టారని అప్పట్లో ఎద్దేవా చేసినవారున్నారు. అయితే ఆ కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ రంగనాథ్ మిశ్రా గారే 1995లో టాడా చట్టాన్ని పొడిగించవద్దని పార్లమెంటు సభ్యులకు రాశారు. ఆ ఏడాది మే నెలలో టాడా గడువు తీరిపోయింది. దాని కింద విచారణ లేకుండా మగ్గినవారిలో మనవాళ్ళెందరో ఈ సభకు చెప్పాలా? 1995 జూన్‌లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ వారు కాశ్మీరులో నిర్బంధంలో ఉన్నవారిని కలుసుకోవడానికి ప్రభుత్వం ఒప్పందం చేసుకొంది. ఇవన్నీ జెనీవా వల్లనే జరిగాయని మేము అనడం లేదు. జెనీవాలో మాట ఇచ్చిన తరువాత వీటిని కాదనడం కష్టమైందని మాత్రం అంటున్నాం. లోయలో కన్నీళ్ళు దీనితో ఆగలేదు. అది ఇంకో ప్రసంగం. ఆ కమిషన్ కూడా 2006లో రద్దయి దాని స్థానంలో 47 దేశాల మానవ హక్కుల మండలి వచ్చింది.

ఇక 2025కు వద్దాం. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపారు. చనిపోయినవారిలో యాత్రికులను కాపాడబోయిన స్థానిక ముస్లిం గుర్రపువాడు ఒకడున్నాడు. మే 7న మన సేనలు దాడి చేశాయి, 10న కాల్పులు ఆగాయి. ఆ తరువాత ప్రభుత్వం ఏడు అఖిలపక్ష బృందాలను దేశదేశాలకు పంపింది. మూడింటికి ప్రతిపక్ష ఎంపీలే నాయకులు: శశి థరూర్, కనిమొళి, సుప్రియా సూలే. మన రాజమండ్రి ఎంపీ పురందేశ్వరి గారు రవిశంకర్ ప్రసాద్ గారి బృందంలో యూరప్ వెళ్ళారు. కోనసీమ నుంచి అమలాపురం ఎంపీ హరీష్ బాలయోగి గారు థరూర్ గారి బృందంలో అమెరికా వైపు వెళ్ళారు. అధికార కూటమివాడు ప్రతిపక్షంవాడి వెనుక నడిచాడు, 1994లో సల్మాన్ ఖుర్షీద్ గారు నడిచినట్లే. మన కొబ్బరితోటల్లోంచి వెళ్ళినవాడు ఆ వరుసలో నిలబడ్డాడని మేము పిల్లలకు పటం మీద చూపించాం.

అయితే 1994కూ 2025కూ తేడా ఉంది. దాన్ని దాచకూడదు. జెనీవాలో నెగ్గవలసిన ఓటు ఒకటి ఉంది. ఇక్కడ ఓటు లేదు, ఒప్పందమూ లేదు, చెప్పి రావడమే పని. అప్పుడు వెళ్ళింది సాక్షాత్తూ ప్రతిపక్ష నాయకుడు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నవారు వెళ్ళలేదు. కాంగ్రెసు వారు ఇచ్చిన నాలుగు పేర్లలో ప్రభుత్వం తీసుకొన్నది ఒక్కటే. థరూర్ గారి పేరు ఆ నాలుగింటిలో లేదు. పక్కింటి నుంచి పెద్దను పంపమని అడిగి, వాళ్ళు పంపినవాణ్ణి కాక మనకు నచ్చినవాణ్ణి తీసుకొనిపోతే ఆ వెళ్ళినవాడు ఎవరి మాట మోస్తాడు? మనిషి ఎంత సమర్థుడైనా, వెనుక బల్ల ఇచ్చిన బలం సగమవుతుంది. ఇది ఏ పార్టీ వకాలతూ కాదు. రేపు కుర్చీలు తారుమారైతే ఇదే మాట అటువైపు చెప్తాం. 2014 నుంచి 2024 దాకా పదేళ్ళు లోక్‌సభలో గుర్తింపు పొందిన ప్రతిపక్ష నాయకుడే లేడు. పదో వంతు సీట్లు ఎవరికీ రాలేదన్నారు. ఆ పదేళ్ళలో జెనీవా లాంటి అవసరం వచ్చి ఉంటే పంపడానికి ఆ హోదా గల మనిషి లేడన్న సంగతి ఎంతమంది గమనించారో!

ఒవైసీ సాహెబ్ గారి మాట ఏమైందని కుర్రవాడు మళ్ళీ అడిగాడు. వినండి. గల్ఫు దేశాల్లో ఆయన ఉగ్రవాదం మీద, దేశం తరఫున చెప్పవలసినది గట్టిగా చెప్పారు. తిరిగి వచ్చారు. వక్ఫ్ కేసు వెనక్కు తీసుకోలేదు. జులై నెలాఖరున లోక్‌సభలో ఆ దాడుల మీదనే రెండు రోజుల చర్చ జరిగినప్పుడు లేచి నిలబడి, నీళ్ళు ఆపాం, వర్తకం ఆపాం అంటున్నారే, మరి పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచ్ చూడడానికి మీకు మనసెట్లా ఒప్పుతుందని అదే ప్రభుత్వాన్ని అడిగారు.